మూడు వోల్టుల ప్రమిద

ఏటీటైనీ85 అనే చిప్‌కి కాళ్ళు ఎనిమిది, ఒంటి పొడవు సెంటీమీటరుకు లోపే. ప్రోగ్రాము దాచుకోవడానికి దానికున్న చోటు 8 కిలోబైట్లు. పని చేస్తున్నప్పుడు లెక్కలు గుర్తుపెట్టుకోవడానికి మరో 512 బైట్లు. తెలుగు రాతను కంప్యూటర్లు దాచుకునే పద్ధతిలో ప్రతి హల్లుకీ, ప్రతి గుణింతపు గుర్తుకీ, ప్రతి పొల్లుకీ, ప్రతి సున్నాకీ విడివిడిగా మూడేసి బైట్లు పడతాయి. ఆ లెక్కన ‘దీపావళి శుభాకాంక్షలు’ అనే రెండు మాటలకు, మధ్యన ఖాళీతో కలిపి, 58 బైట్లు. ఆ 512 బైట్లలో ఈ మాటలు ఎనిమిదిసార్లు పడతాయి, తొమ్మిదోసారికి చోటుండదు. తెలుగువారి పెళ్ళి శుభలేఖ ఇస్తే వధూవరుల తాతముత్తాతల పేర్లు పూర్తికాకముందే చేతులెత్తేస్తుంది. మీరు చదువుతున్న ఈ వ్యాసమైతే 8 కిలోబైట్ల పెద్దచోట్లో కూడా సగం పట్టదు.

అయినా దీపావళి కార్డు మీద దీపం వెలిగించే పనికి దీన్ని మించిన పనిమంతుడు లేడు.

అసలు కాగితం మీద కరెంటేమిటి అనేవారి కోసం నాలుగు మాటలు. దళసరి డ్రాయింగు కాగితం మీద వైర్లకు బదులు సన్నటి రాగి టేపు అతికిస్తారు. ఒక మూల బటన్ సెల్లు, ఇంకోచోట ఎల్ఈడీ, మధ్యలో మన ఎనిమిది కాళ్ళ చిప్. పైన బొమ్మ గీసిన ఇంకో కాగితం కప్పితే, కింది వెలుగు పైకి మెత్తగా తేలుతుంది. అమెరికాలో ఎంఐటీ మీడియా ల్యాబ్‌లో లియా బ్యూక్లీ నడిపిన బృందం ఈ విద్యకు పెద్దపీట వేసింది. బట్టల మీద దారంతో కుట్టుకునే లిలీప్యాడ్ అనే ఎలక్ట్రానిక్ బోర్డును ఆవిడే రూపొందించారు. అది 2007లో బజారుకు వచ్చింది. కుట్టుపని అయ్యాక కాగితం పని. ఆవిడ దగ్గర చదువుకున్న జియె చీ, గురువుగారితో కలిసి, పేజీ తిప్పితే బొమ్మలు లేచి నిలబడి వెలిగే పుస్తకం ఒకటి తయారుచేసింది. తర్వాత బనీ హువాంగ్‌తో కలిసి చిబిట్రానిక్స్ అనే సంస్థ పెట్టి, స్టిక్కరులా అంటించుకునే ఎల్ఈడీలు అమ్మకానికి తెచ్చింది. ఈ హువాంగ్ ఎవరంటే, మైక్రోసాఫ్ట్ వారి ఎక్స్‌బాక్స్ తాళాలు ఎలా ఊడదీయాలో 2003లో పుస్తకమే రాసిన ఘనుడు. అలాంటివాడు చివరికి బడిపిల్లల స్టిక్కర్ల దగ్గరకు చేరాడు. ఎక్స్‌బాక్స్‌కన్నా కాగితమే కష్టమని ఆయనకు ఎక్కడో తట్టి ఉండాలి.

మన దగ్గర 1990లలో కొత్త సంవత్సరానికి పాట పాడే గ్రీటింగు కార్డులు వచ్చేవి. తెరిస్తే పాడేది, మూస్తే ఆగేది. పదిరోజులు పోయాక మూసినా ఆగేది కాదు; పరుపు కింద పెట్టినా అక్కడినుంచి పాడేది. ఆ కార్డు కడుపు కోసి చూడని పిల్లలు తక్కువ. లోపల నల్లటి తారుబొట్టులాంటి దాని కింద చిప్ దాగి ఉండేది. అదేం పాట పాడాలో ఎక్కడో ఫ్యాక్టరీలో తేల్చేశారు. కాగితపు సర్క్యూట్‌లో ఆ తేల్చే పని కార్డు చేసేవాడిది. తేడా అంతే గానీ, ఆ తేడా కోసం ఒక కుటుంబం ఎన్ని ఆదివారాలు ధారపోయగలదో ఈ వ్యాసకర్త దగ్గరుండి చూశాడు.

ఈ వ్యాసకర్త మేనకోడలు ఎనిమిదో తరగతి. బడిలో అటల్ టింకరింగ్ ల్యాబ్ ఉంది. ఆరు నుంచి పన్నెండో తరగతి దాకా పిల్లలు స్వయంగా వస్తువులు చేసి నేర్చుకోవాలని 2016లో మొదలైన కేంద్ర పథకం అది. ఆ ల్యాబ్‌లో ఆర్డునో బోర్డు మీద లైటు ఆర్పి వెలిగించడం నేర్చుకున్న పిల్ల, వీధిలో అందరికీ వెలిగే ప్రమిద కార్డులు పంచుతానని ఇంట్లో ప్రకటించింది. వ్యాసకర్త తండ్రి, అంటే ఆ పిల్ల తాతయ్య, విద్యుత్ శాఖలో లైన్ ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరైన మనిషి.

“ఎన్ని వోల్టులే?” అన్నాడాయన పేపరు దించకుండా.

“మూడు, తాతయ్యా.”

పేపరు దిగింది. పదకొండు వేల వోల్టుల లైన్ల కింద ముప్పై ఏళ్ళు బతికిన మనిషి మనవరాలి వైపు జాలిగా చూశాడు. “మూడు వేలా?”

“మూడే.”

“అది కరెంటు కాదమ్మా, కరెంటు వాసన” అని మళ్ళీ పేపరెత్తాడు.

సామాను కోసం హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీకి వెళ్ళవలసింది వ్యాసకర్త. ఎలక్ట్రానిక్ విడిభాగాల కోసం నగరమంతా వెళ్ళే సందు అది. ఒక దుకాణంలో రాగి టేపు అడిగితే, “దేనికి సార్, ట్రాన్స్‌ఫార్మరు చుట్టనీకా?” అన్నాడు కౌంటరు దగ్గరి కుర్రాడు. గ్రీటింగు కార్డుకి అని చెప్పాక అతను ఒక్క క్షణం ఆలోచించి, “కార్డుల దుకాణం వేరే సార్, ఇది కాదు” అని మర్యాదగా దారి చూపించాడు. అతని తప్పేం లేదు. రాగి టేపును అసలు వాడుకున్నది రంగుటద్దాల కిటికీలు చేసేవాళ్ళు, తోటల్లో నత్తలు పాకకుండా కుండీలకు చుట్టేవాళ్ళు. శుభాకాంక్షలు చెప్పేవాళ్ళు తర్వాత వచ్చారు.

టేపులో ఒక మెలిక ఉంది. రాగి వైపు కరెంటు పారుతుంది, సరే. జిగురు వైపు సంగతేమిటి? కొన్ని టేపుల జిగురులోంచి కరెంటు పోతుంది, కొన్నిటి జిగురు అడ్డుగోడ. చూపుకు రెండూ ఒక్కటే. జిగురు అడ్డుకునే రకమైతే ఒక ముక్క మీద ఇంకో ముక్క అంటించి ‘అతికింది కదా’ అనుకుంటే కాగితానికి అతికినట్టే, కరెంటుకి అతకలేదు. అందుకే తెలిసినవాళ్ళు మలుపు దగ్గర టేపు కోయరు, మడిచి తిప్పుతారు. కోయక తప్పనిచోట బొట్టు సాల్డరు వేస్తారు.

ఈ సంగతి ఇంట్లో మొదట పసిగట్టింది పెద్దాయన. పిల్ల ప్రోగ్రాములో తప్పు వెతుకుతోంది, వ్యాసకర్త ఇంటర్నెట్‌లో వెతుకుతున్నాడు, తాతయ్య లేచి వచ్చి కాగితం మీద వేలుపెట్టి ఒక అతుకును నొక్కాడు. దీపం వెలిగింది. వేలు తీశాడు. ఆరిపోయింది. “జంపరు లూజు” అన్నాడు. ముప్పై ఏళ్ళలో ఆయన విన్న ఫిర్యాదుల్లో సగానికి మందు ఆ ఒక్క ముక్కే. పదకొండు వేలకు పనిచేసిన ముక్క మూడుకీ పనిచేసింది. ఆ రోజు నుంచి ఆయనకు మూడు వోల్టులంటే గౌరవం వచ్చింది, పిల్లకు మల్టీమీటరు వచ్చింది. రెండు చివర్లూ కలిశాయని కూత పెట్టి చెప్పే మీటరు ఇంట్లో ఉంటే కుటుంబ కలహాలు చాలా తగ్గుతాయి.

సెల్లు సంగతీ తక్కువదేం కాదు. సీఆర్2032 అనే పేరులోనే దాని కొలతలున్నాయి: అడ్డం 20 మిల్లీమీటర్లు, మందం 3.2. వోల్టేజి 3. ఎల్ఈడీకి మధ్యలో రెసిస్టరు లేకుండా నేరుగా తగిలిస్తే కాలిపోవాలి కదా అని పుస్తకం చదివినవాళ్ళకు అనుమానం. కాలదు. ఈ సెల్లులోపలే నిరోధం ఎక్కువ. ఒక్కసారిగా ఎక్కువ కరెంటు ఇద్దామన్నా దానివల్ల కాదు. చేతకానితనం భద్రతగా పనికొచ్చే సందర్భాలు లోకంలో కొన్నే, ఇదొకటి.

అయితే ఆ బలహీనత రంగుల దగ్గర బయటపడుతుంది. ఎర్ర ఎల్ఈడీ 2 వోల్టుల దగ్గరే వెలుగుతుంది, తెల్లదానికి, నీలందానికి 3 దాకా కావాలి. రెంటినీ ఒకే టేపు జంట మీద పక్కపక్కన పెడితే ఎర్రది సెల్లును 2 దగ్గరికి లాగి కూర్చోబెడుతుంది, తెల్లది చీకట్లో ఉండిపోతుంది. మతాబు తెల్లగా, ప్రమిద ఎర్రగా వెలగాలని పిల్ల కోరిక. ప్రమిద మాత్రమే వెలిగింది. “ఒకే ఫీడరు మీద రెండు రకాల లోడు పెడితే ఇంతే, వేరే లైను లాగాలి” అన్నాడు తాతయ్య. చిప్‌లో ఉన్న సుఖం సరిగ్గా అదే. ఒక్కో ఎల్ఈడీకి ఒక్కో కాలు. ఒకటి వెలిగేటప్పుడు రెండోదాన్ని ఆపమనవచ్చు.

సెల్లుల గురించి నవ్వులాటకు తావులేని మాట ఒకటి. పసిపిల్లలు ఈ సెల్లును మింగితే రెండు గంటల్లోనే అన్నవాహిక కాలిపోయే ప్రమాదం ఉంది. కార్డులో సెల్లు పెట్టిన జేబును అంచులన్నీ గట్టిగా మూసి అతికించాలి. మింగారన్న అనుమానం వచ్చినా ఆగకుండా ఆసుపత్రికి పరుగెత్తాలి.

ఇక చిప్‌కి చదువు చెప్పడం. ఏటీటైనీకి సొంతంగా యూఎస్‌బీ రంధ్రం లేదు కనుక ఆర్డునో ఉనో బోర్డును ఉపాధ్యాయుడిగా పెడతారు. ఇటలీలోని ఇవ్రేయా అనే ఊళ్ళో 2005లో పుట్టిన బోర్డు ఆర్డునో. ఆ ఊరి బారు పేరే దానికి పెట్టారు. ఆ బారుకేమో వెయ్యేళ్ళ కిందటి రాజు పేరు. రాజు నుంచి బారుకు, బారు నుంచి బోర్డుకు వచ్చిన వంశం. ఉనో నుంచి ఆరు వైర్లు లాగి చిప్‌కి తగిలించి, ఉనో తనంతట తాను రీసెట్ కాకుండా 10 మైక్రోఫారడ్ల కెపాసిటరు ఒకటి అడ్డం పెడతారు. అది మరిచిపోతే ఉనో, పాఠం శిష్యుడికి కాదు తనకే అనుకుని తానే వినడానికి కూర్చుంటుంది. ఇలాంటి మాస్టర్లు మనకు కొత్త కాదు.

తర్వాత కాళ్ళ నంబర్లు. చిప్ మీద చిన్న చుక్క ఉన్నచోట ఒకటో కాలు. అక్కడినుంచి గడియారానికి ఎదురు దిశలో ఎనిమిది దాకా లెక్క. ఇంతవరకూ బాగానే ఉంది. ప్రోగ్రాములో మాత్రం నంబర్లు వేరు. ప్రోగ్రాములో సున్నా అంటే బయట అయిదో కాలు. ఒకటంటే ఆరోది. రెండంటే ఏడోది. మూడంటే వెనక్కి వచ్చి రెండోది, నాలుగంటే మూడోది. పాత హైదరాబాద్ బస్తీలో ఇంటి నంబరు పట్టుకుని ఇల్లు వెతికిన అనుభవం ఉన్నవాళ్ళకు ఇది సులువుగానే పడుతుంది. తక్కినవాళ్ళు చార్టు గీసి గోడకు అంటించుకోవాలి.

పిల్ల రాసిన మొదటి ప్రోగ్రాము: ఒక సెకను వెలుగు, ఒక సెకను ఆరు, మళ్ళీ మొదటికి రా. చిప్‌లోకి ఎక్కించి కార్డు తెరిచారు. దీపం వెలిగింది. వెలుగుతూనే ఉంది. అందరూ చప్పట్లు కొట్టి, చేతులు నొప్పిపుట్టి ఆపేశాక ఆరింది. మళ్ళీ వెలగడానికి అంతసేపూ పట్టింది.

“లోడ్ షెడ్డింగు పెట్టారా?” అన్నాడు తాతయ్య.

కారణం విచిత్రంగా ఉన్నా తిరుగులేనిది. కొత్త చిప్ ఫ్యాక్టరీ నుంచి వచ్చేటప్పుడు లోపలి గడియారం సెకనుకు 80 లక్షల టిక్కులు కొట్టగలిగి ఉండి కూడా, ఎనిమిదో వంతు వేగంతో, అంటే 10 లక్షల టిక్కులతో నడిచేలా సెట్టింగు పెట్టి ఉంటుంది. కంప్యూటరులో మాత్రం 80 లక్షల వేగాన్ని ఎంచుకుని ప్రోగ్రాము తయారుచేశారు. చిప్ తనకు చెప్పినన్ని టిక్కులూ నిజాయితీగా లెక్కపెట్టింది. అందుకే ఒక సెకను ఎనిమిది సెకన్లయింది. ‘బర్న్ బూట్‌లోడర్’ అనే మీట ఒకసారి నొక్కితే లోపలి సెట్టింగు మారి వేళ కుదురుతుంది. ఆ సెట్టింగులను ఫ్యూజులంటారు. ఆ మాట వినగానే తాతయ్య కుర్చీ దగ్గరికి జరిపాడు. “ఫ్యూజు పోయిందా? తీగ నేను వేస్తా.” ఇవి వేరే ఫ్యూజులని ఆయనకు నచ్చజెప్పడం ఆ రోజు కార్యక్రమాల్లో అతి కష్టమైనది.

వాటిలో ఒకటి నిజంగానే జాగ్రత్తపడవలసింది. ఒకటో కాలు రీసెట్ కోసం కేటాయించారు. దాన్ని కూడా దీపానికి వాడుకోవచ్చన్న ఆశతో రీసెట్‌ను రద్దుచేసే ఫ్యూజు మారిస్తే, ఆరు వైర్ల పాఠశాల ఆ చిప్‌కి శాశ్వతంగా మూతపడుతుంది. మళ్ళీ మేలుకొలపాలంటే 12 వోల్టులు ప్రయోగించే వేరే పరికరం కావాలి. అయిదు దీపాలు చాలవని ఆరోదానికి ఆశపడేవాళ్ళకు చిప్ తయారీదారులు ఇచ్చిన శిక్ష ఇది.

వేళ కుదిరాక అసలు కథ మొదలైంది. సెకను వెలిగి సెకను ఆరే దీపం చూసి పిల్ల పెదవి విరిచింది. “ఇది ప్రమిద కాదు మావయ్యా, అంబులెన్సు.” నిజమే. నూనె దీపం ఆరి వెలగదు, వణుకుతుంది. తమంతట తామే ఆరి వెలిగే ఎల్ఈడీలు బజారులో దొరుకుతాయి, ప్రోగ్రాము అక్కర్లేదు, ధరా తక్కువే. కానీ వాటి తాళం ఫ్యాక్టరీది. గాలికి ఒత్తి ఒరిగినప్పుడు వెలుగు ఎలా తగ్గి ఎలా లేస్తుందో చెప్పుకోవాలంటే ప్రోగ్రాము తప్పదు. ఈ చిప్ వెలుగును మధ్యరకంగా ఇవ్వడానికి మోసం చేస్తుంది: సెకనుకు వందలసార్లు ఆర్పి వెలిగిస్తుంది, ఎంతసేపు వెలిగించాలన్నది సున్నా నుంచి 255 దాకా అంకెలతో మనం చెబుతాం, కన్ను సర్దుకుని మసక వెలుగనుకుంటుంది. పిల్ల రాసింది మూడు వరుసలు. 80కీ 255కీ మధ్య ఏదో ఒక వెలుగు ఇవ్వు. 30 నుంచి 120 మిల్లీసెకన్లలో ఏదో ఒక లెక్కన ఆగు. మళ్ళీ మొదటికి రా.

కార్డు తెరిస్తే ప్రమిద వణికింది. ఇంట్లో ఒక్కసారిగా మాటలాగిపోయాయి. వ్యాసకర్త అక్క వంటింట్లోంచి వచ్చి చూసి, “గాలి తగులుతోందేమో, ఫ్యాను ఆపండి” అంది. ఒక కార్డుకు ఇంతకుమించిన బిరుదు ఉండదు.

ఆ బిరుదుకు మర్నాడు పొద్దున్నే తూట్లు పడ్డాయి. పెద్దాయన కార్డు తెరిచి చూసి, మూసి, మళ్ళీ తెరిచి, “ఇది ప్రతిసారీ ఒక్కలాగే వణుకుతోందే” అన్నాడు. స్తంభం మీది తీగ శబ్దం విని లోపం చెప్పే మనిషి. ఆయన కన్ను దాటలేదు. చిప్ చెప్పే ‘ఏదో ఒక అంకె’ నిజానికి ముందే తేలిపోయిన వరుస. సెల్లు తగిలిన ప్రతిసారీ అదే చోటునుంచి అప్పచెబుతుంది. విరుగుడు కూడా ముచ్చటైనదే. దేనికీ తగిలించకుండా గాలిలో వదిలేసిన కాలు ఒకటుంటే, దాని మీద వోల్టేజి ఎంతుందో మొదట్లో కొలవమనాలి. చుట్టుపక్కల కరెంటు రొదకు ఆ కొలత నిలకడగా ఉండదు. ఆ అంకెనుంచి వరుస మొదలుపెట్టమంటే ప్రతిసారీ వణుకు మారుతుంది. కార్డులో ఏ పనీ చేయని కాలే దీపానికి ప్రాణం పోసిందన్నమాట. తాతయ్యకు ఇది మహా నచ్చింది. ఇంట్లో తన పాత్ర కూడా అదేనని ఆ సాయంత్రం వచ్చినవాళ్ళందరికీ చెప్పాడు.

సెల్లు ఎంతకాలం వస్తుందన్నది వీధివాళ్ళ ప్రశ్న. సీఆర్2032లో ఉండేది సుమారు 220 మిల్లీయాంపియర్-గంటలు. దీపం 5 మిల్లీయాంపియర్లు తాగితే భాగహారం 44 గంటలంటుంది. నిజానికి అంత రాదు. మిల్లీయాంపియరులో ఐదోవంతు చొప్పున నిదానంగా తాగినప్పుడు వచ్చే లెక్క ఆ 220. అందుకే నిమిషంపాటు వెలిగాక చిప్‌ని గాఢనిద్రలోకి పొమ్మని రాస్తారు. ఆ నిద్రలో అది తాగేది ఒక మైక్రోయాంపియరుకు అటూ ఇటూ. సెల్లు వయసు మీదపడి పోవాలే గానీ ఈ నిద్ర ఖర్చుకు పోదు. కార్డు మీద ‘ఇక్కడ నొక్కండి’ అని రాసి, రీసెట్ కాలు, సెల్లు మైనస్ వైపు టేపు అక్కడ తాకేలా చేస్తే చిప్ లేచి మళ్ళీ మొదలుపెడుతుంది.

ఈ ఆరు వైర్ల బాధ పడలేనివాళ్ళకోసం చిబిట్రానిక్స్‌వాళ్ళు చిబి చిప్ అని ఇంకోటి తెచ్చారు. అందులోకి ప్రోగ్రాము శబ్దంగా వెళ్తుంది. ఫోను హెడ్‌ఫోను రంధ్రానికి తీగ తగిలించి మీట నొక్కితే, ప్రోగ్రాము గీపెట్టే చప్పుడుగా మారి చిప్ చెవిలో పడుతుంది. 1980లలో ఇళ్ళలో వాడిన చిన్న కంప్యూటర్లు క్యాసెట్టు టేపుల నుంచి ప్రోగ్రాములు ఇలాగే వినేవి. ఎంత చక్కటి ఆలోచన! ఫోనున్న ప్రతి పిల్లకూ ప్రోగ్రామరు చేతిలో ఉన్నట్టే. కాకపోతే చిబి చిప్ చేతికందే రోజులకే, 2016లో, ఐఫోన్ 7 ఆ రంధ్రాన్ని పూడ్చేసింది. తక్కిన కంపెనీలు చాలామటుకు అదే దారి పట్టాయి. చిప్‌కి చెవులు వచ్చేసరికి ఫోనుకి నోరు పోయింది.

మొదటి కార్డు చేయబోయేవారికి చివరగా ఒక సలహా. చిప్‌ని నేరుగా కాగితానికి సాల్డరు చేయకండి. ఎనిమిది కాళ్ళ సాకెట్టు దొరుకుతుంది, దాని కాళ్ళను పక్కలకు వంచి సాల్డరు చేసి, చిప్‌ని అందులో గుచ్చండి. ప్రోగ్రాము మార్చాలనిపించినప్పుడల్లా, అది తప్పక అనిపిస్తుంది, చిప్‌ని పెకలించి తీసుకెళ్ళవచ్చు. చిప్‌లు రెండు కొనండి. జిగురులోంచి కరెంటు పోయే టేపేనా అని దుకాణంలోనే మీటరు పెట్టి చూడండి, కుర్రాడు ఏమనుకున్నా సరే. దీపం వెలగకపోతే ప్రోగ్రాము జోలికి పోకుండా ముందు అతుకులన్నీ వేలితో నొక్కండి. మీ వీధిలో రిటైరైన లైన్‌మన్ ఎవరైనా ఉంటే పిలవండి. కాఫీ ఇస్తే చాలు, తప్పకుండా వస్తారు.